ఆటలోని అంతరార్థం: యోకో ఓనో ప్రదర్శన - ఒక పరిశీలన

తెలుగులో ‘ఆట’ అనే మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. పిల్లలు వీధిలో ఆడేది ఆటే. తోలుబొమ్మలతో రామాయణం ప్రదర్శించేదీ ఆటే. ఇద్దరు పెద్దమనుషులు గంటల తరబడి మౌనంగా చదరంగపు బల్ల ముందు కూర్చున్నా, అదీ ఆటే. అయినా ఒక కళాకారుని గురించి ‘ఆటలాడుతున్నాడు’ అన్నప్పుడు మాత్రం మన మాటలో చులకన ధ్వనిస్తుంది. ఈ చులకన ఎంతవరకు న్యాయం? సమాధానం వెదకడానికి లండన్‌లో జరిగిన ఒక చిన్న ప్రదర్శన మనకు తోడ్పడుతుంది.

1966 నవంబరులో, ఇండికా గ్యాలరీలో, జపాను కళాకారిణి యోకో ఓనో తమ కృతులను ప్రదర్శించారు. ఆ ప్రదర్శన పేరును తెలుగులో ‘అసంపూర్ణ చిత్రాలు, వస్తువులు’ అని చెప్పుకోవచ్చు. ఇందులో ‘అసంపూర్ణ’ శబ్దమే కీలకం. కృతిని ఆరంభించడం కళాకారిణి పని. దానిని పూర్తిచేయడం చూడవచ్చినవారి పని.

ఒకచోట తెల్లని నిచ్చెన నిలబెట్టి ఉంది. పైకెక్కి, కప్పుకు వేలాడుతున్న భూతద్దం అందుకొని చూస్తే, అతి చిన్న ఆంగ్లాక్షరాలలో ఒకే మాట: ‘అవును’. మరొకచోట ఒక పలక, దానికో సుత్తి; వచ్చినవారు మేకు కొట్టాలి. ఇంకొకచోట పీఠంపై తాజా ఆపిల్ పండు; వెల 200 పౌండ్లు. ప్రారంభానికి ముందే చూడవచ్చిన గాయకుడు జాన్ లెనన్, మేకు కొట్టడానికి ఐదు షిల్లింగులు ఇమ్మన్నందుకు, ఊహలోని ఐదు షిల్లింగులిచ్చి ఊహలోని మేకు కొడతానన్నాడట. ఆ నిచ్చెనపై ‘కాదు’ అని కాక ‘అవును’ అని ఉండడం తనకెంతో ఊరట కలిగించిందని ఆయనే తరువాత చెప్పుకున్నాడు.

‘ఇది పసిపిల్లలైనా చేయగలరు, పండుకు 200 పౌండ్లా!’ అని ఎవరైనా అనవచ్చు. ఆ ఆక్షేపణ సహజమే. కాని ఈ ఆట ఎక్కడ పుట్టిందో తెలిస్తే మన తీర్పు కొంత మారుతుంది. ఓనో 1933లో టోక్యోలో సంపన్న కుటుంబంలో జన్మించారు. 1945లో ఆ నగరంపై బాంబులు కురిసిన పిమ్మట, పన్నెండేళ్ల ఆ బాలిక తమ్మునితో, చెల్లెలితో పల్లెకు చేరవలసి వచ్చింది. అక్కడ తిండి కరవు. ఆకలిగొన్న అక్కాతమ్ముళ్లు వెల్లకిల పడుకొని, ఆకాశం చూస్తూ, తాము తినబోయే విందులోని వంటకాలను ఒకటొకటిగా ఊహించుకొనేవారు. బహుశా అదే తమ తొలి కళాకృతి అని ఆమె తరువాతి కాలంలో చెప్పారు. కనుక ఊహతో ఆడుకోవడం ఆమెకు తీరిక చేష్ట కాదు. బ్రతకడానికి దొరికిన ఆధారం.

1966 నాటి ఆమె కృతులలో నా దృష్టికి ఉత్తమమైనది తెల్ల చదరంగం. తెలుగు విద్యార్థులు చదరంగమనీ, ఉర్దూ విద్యార్థులు షత్రంజ్ అనీ పిలిచే ఈ ఆట పేర్లు రెండూ సంస్కృత ‘చతురంగ’ శబ్దం నుండి వచ్చినవే. పేరులోనే సైన్యం ఉంది. కనుక శత్రువు ఉండక తప్పదు. ఓనో చేసిన మార్పు ఒక్కటే: 64 గళ్లకూ, 32 పావులకూ తెల్లరంగు వేశారు. మొదటి కొన్ని ఎత్తులు సాఫీగానే సాగుతాయి. పావులు కలిసిపోయిన కొద్దీ ‘ఈ గుర్రం మీదా, నాదా?’ అనే సందేహం మొదలవుతుంది. అప్పుడు మిగిలే మార్గాలు రెండే: ఎదుటివాని మాట నమ్మడం, లేదా ఆట మానడం. గెలవడానికి కూర్చున్నవారు ఒకరినొకరు అడిగి తెలుసుకోవలసినవారవుతారు. యుద్ధాన్ని గురించి ఇంతకన్న సౌమ్యంగా, ఇంతకన్న గట్టిగా చెప్పడం కష్టం. యుద్ధాన్ని కళ్లారా చూసిన బాలికే పెద్దదై ఈ బల్లను రూపొందించిందని మరువరాదు.

2024లో లండన్‌లోని టేట్ మోడరన్‌లో ఓనో కృతుల బృహత్ప్రదర్శన జరిగినప్పుడు కూడా ఈ తెల్ల పావులు సందర్శకుల చేతులలో కదిలాయి.

కొత్త కళాకృతి ఎదురైనప్పుడు ‘ఇది నాకు చేతకాదా?’ అని విద్యార్థులు తొందరపడి తేల్చరాదు. ‘ఇది నా చేత ఏమి చేయిస్తున్నది?’ అని ముందు అడగాలి. తెల్లకాగితాలు అతికించిన అట్టతో, సున్నం పూసిన పావులతో మన వసతిగృహంలోనే ఈ ఆట ఆడి చూడవచ్చు. ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. ఎన్నో ఎత్తులో ఒకరినొకరు అడగవలసి వచ్చిందో గుర్తుపెట్టుకుంటే చాలు.