చూపును కొలిచే విద్య

కంటి పరీక్ష అనగానే గోడమీది అక్షరాల పట్టిక స్ఫురిస్తుంది. హాలెండు వైద్యుడు స్నెల్లెన్ 1862లో వెలువరించిన ఆ పద్ధతి, ఎంత చిన్న అక్షరాన్ని గుర్తించగలమో తెలుపుతుంది. మునిమాపువేళ మెట్లు దిగడం, పళ్లెంలో కూర ఎక్కడున్నదో పోల్చుకోవడం దాని కొలతకు అందవు. నిత్యకృత్యాలకు అక్కరకు వచ్చే ఈ చూపునే క్రియాత్మక దృష్టి అంటారు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకుల కృషితో, చూపు తక్కువగల బడిపిల్లల కోసం 19 ప్రశ్నల పట్టిక 2003లో వెలువడింది. నల్లబల్లపై వ్రాత, బస్సు నంబరు, సూదిలో దారం, నాణేల భేదం: ప్రశ్నలన్నీ మన బడిలోనివి, మన వీధిలోనివి.

యువపరిశోధకులు అభ్యసించవలసిన క్రమమిది. ఆ బిడ్డకు ఏ పని కష్టమో ముందుగా అడగాలి. ఆ పనిని నిర్ణీతమైన వెలుతురులో, దూరంలో చేయించి, పట్టిన కాలాన్ని, దొర్లిన తప్పులను వ్రాసుకోవాలి. పిదప దీపం, భూతద్దం, ముదురు సిరా, ముందు బెంచీ, వీటిలో ఒక్కటి మాత్రమే మార్చి తిరిగి కొలవాలి. రెండు మారిస్తే మేలు దేనివల్ల కలిగిందో తేలదు. చదివించిన పాఠాన్నే మళ్ళీ చదివిస్తే అలవాటు చూపుగా భ్రమింపజేస్తుంది. కనుక అంతే కఠినమైన కొత్త పాఠం ఇవ్వాలి.

నల్లబల్ల కానరాని బిడ్డపై మందమతి అన్న ముద్ర పడకముందే ఈ పరీక్ష జరగాలి. కన్ను బాగుపడకపోయినా చదువు నిలుస్తుంది.