సర్వరు అద్దెది, పేరు మనది

పళని అడివారంలో లాడ్జీలు నడిపేవారు, పంచామృతం దుకాణాలవారు, ఉడుమలపేట, పొల్లాచ్చి, కోయంబత్తూరు వైపు పంపులూ గ్రైండర్లూ చేసే మనవాళ్ళు... వీళ్ళ వెబ్‌సైట్లు నిలబెట్టి, పడిపోకుండా చూసుకోవడమే చాలా ఏళ్ళుగా నా పని. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుకుంటూ వచ్చిన మా కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్నారు. వచ్చినవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "మామా, అన్నిటికన్నా చవకగా సర్వరు ఎవరిస్తారు?"

అడగవలసిన ప్రశ్నే. చిన్న వ్యాపారికి నెలకు వెయ్యి రూపాయలు కూడా లెక్కే. అయితే ఒక కంపెనీ పేరు చెప్పి పంపేస్తే వాళ్ళకి మేలు చేసినట్టు కాదు. నాకు తెలిసింది వరసపెట్టి రాస్తున్నాను.

1. ముందు సర్వరు అవసరమా అని చూడండి

గదుల ఫొటోలు, అద్దె, ఫోన్ నంబరు, దారి చూపే మ్యాపు, ఇంతవరకే కావలసిన లాడ్జీకి సర్వరే అక్కర్లేదు. ఇలాంటి మారని పేజీలను క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటివి ఉచితంగా మోస్తాయి. చిరునామా ముందు https రావడానికి కావలసిన సర్టిఫికెట్టు కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ పుణ్యమా అని 2016 నుంచి అందరికీ ఉచితమే. ఏడాదికోసారి డొమైన్‌కి కట్టే డబ్బు తప్ప వేరే ఖర్చు లేదు. ఈ సంగతి చెప్పకుండా నెలనెలా అద్దె కట్టించడం నాకు న్యాయంగా తోచదు. గది బుకింగు, డబ్బు చెల్లింపు, సరుకు లెక్క లాంటివి వచ్చినప్పుడే సర్వరు మాట ఎత్తండి.

2. గిరాకీ ఎక్కడుంటే సర్వరు అక్కడ

పళనికి వచ్చే భక్తుల్లో తమిళనాడు, కేరళ వాళ్ళే ఎక్కువ. కొండ కింద బస్సు దిగి, ఫోన్‌లో గది వెతుక్కునేవాడికి పేజీ వెంటనే తెరుచుకోవాలి. అందుకు సర్వరు బెంగళూరులోనో చెన్నైలోనో ముంబైలోనో ఉండాలి. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీల్లో డిజిటల్ ఓషన్‌కి 2016 నుంచి బెంగళూరులో డేటా సెంటరు ఉంది. లినోడ్‌ను 2022లో అకమాయ్ కొనుక్కుంది. లినోడ్‌కి ముంబైలో ముందే ఉంది, 2023లో చెన్నైలోనూ తెరిచారు. వల్టర్‌కి ముంబై, ఢిల్లీ, బెంగళూరు మూడు చోట్లా ఉన్నాయి. అమెజాన్ 2016లో ముంబైకి, 2022 నవంబరులో హైదరాబాదుకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ అజూర్ 2015 నుంచే చెన్నైలో ఉంది.

పిల్లలు ఎక్కువగా చూపించేది హెట్జ్నర్ ధరల పట్టిక. జర్మనీ కంపెనీ, 1997 నుంచి ఉన్నది, మంచిది. మిగతావాళ్ళకి ఇచ్చే డబ్బుకు అక్కడ ఎక్కువ మెమరీ వస్తుంది. కానీ భారతదేశంలో వాళ్ళకి డేటా సెంటరు లేదు. మనకి దగ్గరిది సింగపూరు, అదీ 2024లో తెరిచిందే. జర్మనీలో పెడితే ఒక్కసారి పోయి రావడానికే సుమారు 150 మిల్లీసెకన్లు. పేజీ పూర్తిగా తెరుచుకునేలోగా అలాంటి రాకపోకలు ఎన్నో జరుగుతాయి. పైగా ఆ దారి ఎర్రసముద్రం మీదుగా పోతుంది. 2024లోనూ 2025 సెప్టెంబరులోనూ అక్కడ కేబుళ్ళు తెగి ఇంటర్నెట్ నెమ్మదించిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు.

అలాగని హెట్జ్నర్‌ని తీసిపారేయకండి. తిరుప్పూరులో బనియన్లు, టీషర్టులు ఎగుమతి చేసే వ్యాపారి సైటును చూసేది జర్మనీ, నెదర్లాండ్స్ కొనుగోలుదారులు. ఆయనకి నేను చెప్పేది హెట్జ్నరే. పళని లాడ్జీకి బెంగళూరు, తిరుప్పూరు ఎగుమతిదారుకి జర్మనీ. రెండు ఊళ్ళ మధ్య దూరం రెండు మూడు గంటలే అయినా సర్వరు ఎంపిక మాత్రం వేరు.

3. బోర్డు మీద ధర వేరు, చేతికొచ్చే బిల్లు వేరు

2013లో డిజిటల్ ఓషన్ నెలకు 5 డాలర్లకే సర్వరు ఇవ్వడంతో చిన్నవాళ్ళకి తలుపు తెరుచుకుంది. 2022 జులైలో ధరలు పెంచారు: 1 జీబీ మెమరీ 6 డాలర్లు, 512 ఎంబీది 4 డాలర్లు. లినోడ్ 1 జీబీని 5 డాలర్లకే ఉంచింది. అమెజాన్ లైట్‌సెయిల్ 512 ఎంబీని ఒకప్పుడు మూడున్నర డాలర్లకి ఇచ్చేది. పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలకి అమెజాన్ వేరే రుసుము పెట్టాక అదే 5 డాలర్లయింది. ఈ ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి కట్టే ముందు మీరే ఒకసారి సరిచూసుకోండి.

వీటి మీద 18 శాతం జీఎస్టీ. మీకు జీఎస్టీ నంబరు ఉంటే అది ఖాతాలో నమోదు చేయండి. అప్పుడు విదేశీ కంపెనీ పన్ను వేయదు. రివర్స్ చార్జి కింద మీరే కట్టి, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోవచ్చు. ఆడిటరుకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

అసలు దెబ్బ బయటికి పోయే డేటాతో తగులుతుంది. డిజిటల్ ఓషన్ 6 డాలర్ల సర్వరుతో నెలకు సుమారు 1 టీబీ ఇస్తారు, దాటితే జీబీకి ఒక సెంటు. అమెజాన్ ఈసీ2 ముంబైలో నెలకు మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి దాదాపు 11 సెంట్లు. పది రెట్లకు పైగా తేడా. లైట్‌సెయిల్‌లో డేటా ప్లానులోనే కలిసి వస్తుంది, కానీ ముంబైలో తీసుకుంటే ప్లానులో రాసిన దాంట్లో సగమే ఇస్తారు. ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒక లెక్క చూడండి. లాడ్జీ యజమాని ఫోన్‌తో తీసిన గది ఫొటో ఒక్కొక్కటి 4 ఎంబీ. పేజీలో పది ఫొటోలుంటే 40 ఎంబీ. వెయ్యిమంది చూస్తే 40 జీబీ. పాతికవేలమంది చూస్తే 1 టీబీ అయిపోయినట్టే. అవే ఫొటోలను వెబ్‌పీకి మార్చి ఒక్కొక్కటీ 200 కేబీకి దించితే పేజీ 2 ఎంబీ, వెయ్యిమందికి 2 జీబీ. కంపెనీ మార్చే ముందు ఫొటోలు చిన్నవి చేయండి. ఒక పూట పని, అద్దె తగ్గినంత లాభం.

4. కార్డు సంగతి చూసుకోండి

2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలతో, నెలనెలా కార్డులోంచి తనంతట తానే డబ్బు పోయే పద్ధతికి ముందస్తు అనుమతి, కబురు తప్పనిసరి అయ్యాయి. అప్పట్లో విదేశీ కంపెనీలకి కట్టే చెల్లింపులు చాలామందికి ఆగిపోయాయి. ఓటీపీ లేకుండా పోయే మొత్తానికి పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022 జూన్‌లో దాన్ని 15,000 చేశారు. బిల్లు కట్టలేదని సర్వరు ఆపేస్తే లాడ్జీ ఫోను మోగడం కూడా ఆగిపోతుంది. ముందుగానే కొన్ని నెలల డబ్బు ఖాతాలో జమ చేసుకోనిచ్చే కంపెనీ అయితే అలాగే చేయండి. బిల్లు మెయిలు యజమానికీ మీకూ ఇద్దరికీ వచ్చేలా పెట్టండి.

5. చిన్నదానితో మొదలుపెట్టండి, దాని లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన మన జి.డి. నాయుడు గారు 1920లో ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. ఆ బస్సు తిరిగింది పొల్లాచ్చి నుంచి మన పళనికే. నడిపింది ఆయనే. ఆ ఒక్క బస్సు తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీసు అయింది. ఇంజను చప్పుడు తెలిసిన యజమాని కాబట్టే అది పెరిగిందని మా పెద్దలు చెప్పేవారు. మొదటి సర్వరును మీరూ అలాగే మీ చేత్తో నడపండి.

1 జీబీ మెమరీతో వర్డ్‌ప్రెస్ సైటు బాగానే నడుస్తుంది. కానీ ఒక రాత్రి హఠాత్తుగా తెర మీద డేటాబేస్ కనెక్షన్ లేదన్న ఒక్క వాక్యం కనిపిస్తుంది. కుర్రాళ్ళు వెంటనే రెండింతల ధర సర్వరుకి మారిపోతారు. మారే ముందు సిస్టమ్ లాగ్ తెరిచి చూడండి. "అవుట్ ఆఫ్ మెమరీ" అనే మాటా, పక్కనే "మైఎస్‌క్యూఎల్‌డీ" పేరూ ఉంటే కథ తెలిసినట్టే. మెమరీ నిండిపోతే లినక్స్ అన్నిటికన్నా ఎక్కువ తింటున్నదాన్ని చంపేస్తుంది. ఎక్కువ తినేది సాధారణంగా డేటాబేసే. 2 జీబీ స్వాప్ ఫైలు పెట్టండి. ఒకేసారి నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల సంఖ్య తగ్గించండి. పేజీ క్యాష్ పెట్టండి. చాలా సైట్లకి ఇది చాలు. అప్పటికీ చాలకపోతే డబ్బు పెట్టండి, తప్పులేదు.

ఇంకొక మాట. ఈ చవక సర్వర్లలో భద్రత బాధ్యత పూర్తిగా మీదే. సర్వరు లేచిన కాసేపటికే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్ ఊహిస్తూ తలుపు తడతారు. లాగిన్‌కి పాస్‌వర్డ్ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ తాళం మాత్రమే ఉంచండి. అప్‌డేట్లు తమంతట తామే పడేలా పెట్టండి. ఇది చేసే ఓపిక లేనివారు షేర్డ్ హోస్టింగ్ తీసుకోవడమే మంచిది.

6. తైపూసానికి పెంచండి, అయ్యాక దించండి

పళనిలో తైపూసం, పంగుని ఉత్తిరం ఒక్కొక్కటీ పదిరోజుల ఉత్సవం. కావడులతో నడిచివచ్చే జనం ముందు వారం నుంచే గదులు వెతుకుతారు. మిగతా ఏడాదంతా ఖాళీగా ఉండే సైటు మీద ఆ కొద్ది రోజులూ ఒత్తిడి. ఆ కొద్ది రోజుల కోసం ఏడాది పొడుగునా పెద్ద సర్వరు పెట్టుకోనక్కర్లేదు. డిజిటల్ ఓషన్‌లో 8 జీబీ సర్వరు నెలకు 48 డాలర్లు, గంటకు ఏడు సెంట్ల పైచిలుకు. మూడు రోజులకు 5 డాలర్ల చిల్లర.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. సైజు పెంచేటప్పుడు రెండు దారులు చూపిస్తారు: సీపీయూ, మెమరీ మాత్రమే పెంచడం, లేదా డిస్కు కూడా పెంచడం. డిస్కు పెంచితే మళ్ళీ చిన్న ప్లానుకి దిగలేరు. పండగ కోసమైతే మొదటిదే ఎంచుకోండి. పెంచేటప్పుడు సర్వరు కాసేపు ఆగుతుంది కాబట్టి రద్దీ మొదలుకాకముందే రాత్రిపూట చేయండి.

7. ఆపేసిన సర్వరుకీ అద్దె పడుతుంది

డిజిటల్ ఓషన్‌లో, లైట్‌సెయిల్‌లో సర్వరును ఆఫ్ చేసినా బిల్లు నడుస్తూనే ఉంటుంది. ఈసీ2లో యంత్రం అద్దె ఆగినా డిస్కు అద్దె ఆగదు. వద్దనుకుంటే పూర్తిగా తీసేయాలి. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, కానీ అది కబురు చెబుతుందే తప్ప ఖర్చును ఆపదు.

8. బ్యాకప్ వేరే ఊళ్ళో, వేరే ఖాతాలో

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు తగలబడింది. ఒక భవనం పూర్తిగా బూడిదైంది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు. ఓవీహెచ్ చిన్న కంపెనీ కాదు, యూరప్‌లో పెద్దవాటిలో ఒకటి. ఎంత పెద్ద కంపెనీ అయినా నిప్పు నిప్పే.

డిజిటల్ ఓషన్‌లో వారానికోసారి బ్యాకప్‌కి సర్వరు అద్దెలో 20 శాతం. పెట్టుకోండి. దానితో ఆగకండి. డేటాబేస్ కాపీని ప్రతి రాత్రీ వేరే కంపెనీ స్టోరేజీకి పంపండి. ఆ పంపే స్క్రిప్టు పదిహేను వరుసలు ఉండదు. అది రాసి, నెలకోసారి ఆ కాపీని ఖాళీ సర్వరు మీద తిరిగి నిలబెట్టి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ కింద లెక్కపెట్టను.

9. మెయిలు సర్వరు జోలికి పోవద్దు

చవక సర్వర్లున్న చాలా కంపెనీలు మెయిలు పంపే 25వ పోర్టును మూసే ఉంచుతాయి. తెరిపించుకున్నా మీ ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి. మెయిలును జోహో లాంటివారికి వదిలేయండి. చెన్నై కంపెనీ, తెన్కాశి పల్లెల్లో కూడా పిల్లలకి పని ఇస్తున్నది.

10. పేరు యజమాని పేరుననే ఉండాలి

పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. సర్వరు నచ్చకపోతే రేపు మారవచ్చు. మారే ముందురోజు డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ను 300 సెకన్లకి దించితే, కొత్త చోటికి జనం కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తారు. కానీ డొమైన్ పేరు చేతిలో లేకపోతే ఏదీ మార్చలేరు.

కోయంబత్తూరు వైపు ఒక పంపుల తయారీదారుకి ఇదే జరిగింది. సైటు చేసినవాడు డొమైన్‌ను తన మెయిలుతో, తన పేరున తీసుకున్నాడు. తర్వాత వృత్తి మానేసి వేరే ఊరు వెళ్ళిపోయాడు. గడువు తీరుతోందన్న కబుర్లన్నీ అతని పాత మెయిలుకే పోయాయి. డాట్‌కామ్ పేరుకి గడువు దాటాక కూడా, ఎక్కువ రుసుము కట్టి వెనక్కి తీసుకునే 30 రోజుల వ్యవధి ఉంటుంది. అది కూడా ఎవరికీ తెలియకుండానే గడిచిపోయింది. ఆ పేరును ఎవరో కొనుక్కున్నారు. డబ్బాల మీద, బిల్లుల మీద, లారీల మీద అచ్చేసుకున్న చిరునామా వేరొకరి సొత్తు అయిపోయింది. ఆ పెద్దాయన నా ఎదుట కూర్చుని, "నా కంపెనీ పేరు నాది కాదా?" అని అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర మంచిమాట లేకపోయింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నా మాట ఇది. డొమైన్, సర్వరు ఖాతా రెండూ యజమాని మెయిలుతో, యజమాని కార్డుతో తెరవండి. మీరు పనివాడి హోదాలో లోపలికి వెళ్ళండి. అలా చేస్తే గిరాకీ పోతుందని భయపడకండి. నమ్మకం ఉన్నచోట గిరాకీ ఉంటుంది.

వ్యాపారులకి చెప్పేది ఇంకా చిన్న మాట. మీ డొమైన్ ఏ రిజిస్ట్రారు దగ్గరుందో, ఎవరి పేరున ఉందో, ఎప్పుడు గడువు తీరుతుందో ఈ రోజే అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ ఖాతాలోకి వెళ్ళడానికి ఓటీపీ మీ ఫోనుకి రాకపోతే, ఈ వారంలోనే పనివాణ్ణి పిలిచి మీ పేరుకి మార్పించుకోండి.