మానసిక ఒత్తిడికీ జలుబుకూ సంబంధం ఉందా?

ప్రశ్న: మనసు బాగా లేనప్పుడు జలుబు తొందరగా పట్టుకుంటుందంటారు. ఇందులో నిజమెంత?

జవాబు: జలుబుకు మూలం వైరస్. అయితే అది ఒంట్లో చేరిన అందరికీ జలుబు చేయదు. ఈ తేడాలో ఒత్తిడికీ పాత్ర ఉందని మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్ బృందం 1991లో వెల్లడించింది. ఇంగ్లండులో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కులో వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి గమనించారు. ఒత్తిడి పెరిగే కొద్దీ జలుబు చేసినవారి వాటా సుమారు 27 శాతం నుంచి 47 శాతానికి పెరిగింది. వయసు, పొగతాగడం, నిద్ర, ఆహారం లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా నిలిచింది.

ఒత్తిడి ఇలా ఎందుకు చేస్తుందనడానికి ఒక వివరణ ఉంది. కార్టిసాల్ హార్మోను మామూలుగా వాపును అదుపులో ఉంచుతుంది. ఒత్తిడి నెలల తరబడి సాగితే రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి, దాంతో వాపు అదుపు తప్పుతుంది. ముక్కు కారడం, గొంతు నొప్పి చాలావరకు ఆ వాపు ఫలితాలే.