శుక్లం ఆపరేషన్ తర్వాత కంట్లో గరగరా?

జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఉచిత ఆపరేషన్ చేయించుకున్నవారికి సూచనలు

చూపు వచ్చినా కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, మంట ఉంటే ఆపరేషన్ చెడిపోయిందని కంగారు పడొద్దు. కోత పెట్టినప్పుడు నల్లగుడ్డు మీది పొరలో సన్నని నరాలు తెగుతాయి. కన్ను తడి ఆరుతుంది. ఆ మంటకే ఊరికే నీళ్లు కారతాయి. చాలామందికి 3 నెలల్లో తగ్గుతుంది.

చేయాల్సినవి:
• డాక్టర్ రాసిన చుక్కలు చెప్పినన్ని రోజులు వేయాలి. రెండు రకాలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి.
• చేతులు కడుక్కోవాలి. సీసా మూతి కంటికి తగలకూడదు.
• ఫ్యాన్ గాలి, పొయ్యి పొగ నేరుగా తగలనివ్వొద్దు.

చేయకూడనివి:
• కన్ను నలపొద్దు.
• చీటీ లేకుండా మెడికల్ షాపులో చుక్కలు కొనొద్దు.
• ఆకు పసరు, చనుబాలు పోయొద్దు.

నొప్పి పెరిగినా, కన్ను బాగా ఎర్రబారినా, చీము పట్టినా, వచ్చిన చూపు తగ్గినా అది పొడిదనం కాదు. తెల్లారేదాకా ఆగొద్దు. డిశ్చార్జి కాగితం తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.