ఇల్లు బిడ్డకు అర్థం కావాలి

చెల్లీ, ముందు ఒక మాట తేల్చుకుని తరువాత ఇంట్లోకి పోదాం. నీ బిడ్డకు ఆటిజం ఉండటానికి నువ్వు కారణం కాదు. గ్రహణం నాడు బయట తిరిగావనో, పసిబిడ్డను వదిలి ఉద్యోగానికి పోయావనో, ఏడిస్తే చేతికి సెల్లు ఇచ్చావనో ఎవరో ఒకరు నీ చెవిన వేసే ఉంటారు. మన కర్నూలు, కడప వైపు రెండేళ్ళు దాటినా బిడ్డకు మాట రాకపోతే ముందు వేలు చూపేది తల్లి మీదికే.

ఇది పల్లెల్లో మాత్రమే ఉండే మాట అనుకోవద్దు. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో ఆటిజం గురించి వివరంగా రాశాడు. ఆ తరువాత బాగా చదువుకున్నవాళ్ళే, తల్లుల మనసులో ప్రేమ లేకపోవడం వల్ల పిల్లలు ఇట్ల అవుతున్నారని ఏళ్ళ తరబడి చెప్పారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదనతో పుస్తకమే తెచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనూ ఒక ఆటిజం బిడ్డకు తండ్రే, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన విషయమనీ తల్లి పెంపకం తప్పు కాదనీ రాశాడు. శాస్త్రం ఆయన వైపే నిలబడింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో అచ్చయిన వ్యాసాన్ని కూడా లాన్సెట్ పత్రిక 2010లో రద్దు చేసింది. కాబట్టి చిన్నబిడ్డకు టీకాలు వేయించడం ఆపకు.

ఈ సంగతి మొదట ఎందుకు చెబుతున్నానంటే, నింద ఉన్న ఇంట్లో మిగతా ఏ మార్పూ నిలవదు. రోజూ మాట పడే తల్లికి బిడ్డతో కూర్చుని ఆడుకునే ఓపిక యాడ మిగులుతుంది?

ఇప్పుడు ఇంట్లోకి రా. పొద్దున ఎనిమిది గంటలకు వంటింటి గడపలో కళ్ళు మూసుకుని నిలబడి విను. కుక్కరు విజిల్, మిక్సీ మోత, సంపులో నుంచి మిద్దె మీదికి నీళ్ళెక్కించే మోటారు, హాల్లో టీవీ, మూలన కూలర్, వీధిలో నీళ్ళ ట్యాంకర్ హారన్. వీటిలో ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో నీ మెదడు తానే ఏరుకుంటుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఆ ఏరివేత జరగదు. అన్నీ ఒక్కసారే, ఒకే జోరుతో వచ్చి మీద పడతాయి. ఎండుమిరపకాయల తాలింపు ఘాటు కూడా అంతే. నీ బిడ్డ చెవులు మూసుకుని కేకలు పెడితే మొండితనం అంటాం. వాడికి అది నొప్పి.

ఈ బాధ తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఎవరూ చూడని టీవీని ఆపేయండి. మిక్సీ వేసే ముందు దాన్ని చూపించి "ఇప్పుడు మోత వస్తుంది" అని చెప్పు, లేదా వాడు మిద్దె మీదున్నప్పుడు వేసుకో. పెళ్ళికో జాతరకో పోవాల్సి వస్తే చెవులను కప్పే హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టుకో. ఇంట్లో ఒక మూలను వాడికోసమే వదిలేయండి. పల్చటి చీరతో కట్టిన ఉయ్యాల, ఒక దుప్పటి, వాడికి ఇష్టమైన రెండు వస్తువులు, అంతే. ఆ మూలకు పోయినప్పుడు ఎవరూ పిలవకూడదు, చుట్టాలొచ్చినా సరే. శిక్ష వేయడానికి మాత్రం ఆ తావును ఎన్నడూ వాడొద్దు.

మన ఇండ్లలో ఒక మేలుంది. కడప బండలో, బేతంచెర్ల నాపరాళ్ళో పరిచిన నేల. మే నెలలో కూడా ఆ రాయి చల్లగా తగులుతుంది. చెంప ఆనించి గంటసేపు పడుకునే పిల్లలుంటారు. పడుకోనీ. అదే బిడ్డకు మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పాదాలు కాలుతున్నా తెలియకపోవచ్చు, దాహం వేస్తున్నా అడగకపోవచ్చు. అందుకే మన ఎండల్లో వాడు అడిగేదాకా ఆగకుండా గడియారం చూసి నీళ్ళు తాగించాలి.

ఇక రోజు నడిచే తీరు. మాట గాలిలో పోతుంది, బొమ్మ గోడ మీద నిలుస్తుంది. పళ్ళు తోమడం, స్నానం, టిఫిను, బడి, ఆట, అన్నం, పడక. ఒక్కోదానికి మీ ఇంటి వస్తువులనే ఫోటోలు తీసి ప్రింటు వేయించి, వాడి కంటి ఎత్తున వరసగా అంటించు. అయిపోయినది తీసి డబ్బాలో వేయించు. తరువాత ఏం జరుగుతుందో తెలిసిన బిడ్డకు సగం భయం పోతుంది. మన ఇండ్లకు చుట్టాలు చెప్పకుండా వస్తారు, కుళాయి నీళ్ళు వాటికి తోచినప్పుడు వస్తాయి, కరెంటు పోతుంది. ఇవి ఆగవు. వీటికీ ఒక్కో బొమ్మ పెట్టుకో. కరెంటు పోయిన బొమ్మ చూపించి, టార్చి వాడి చేతికే ఇవ్వు.

తిండి దగ్గర యుద్ధాలు వద్దు. ఉగ్గానిలో బొరుగులు మెత్తగా ఉంటే తినడు, పొడి బొరుగులు మాత్రం దోసిళ్ళు దోసిళ్ళు తింటాడు. నోటికి తగిలే తీరులోనే ఉంది తేడా. నోట్లో కుక్కితే ఆ తిండి మీద ఇంకా భయం పెరుగుతుంది. వాడు తినేదాని పక్కనే కొత్తది చిటికెడు పెట్టి ఊరుకో. ముట్టుకున్నా, వాసన చూసినా అది ముందడుగే. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి మంచి తిండి, పెట్టు. గోధుమలు, పాలు మానేస్తే ఆటిజం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. అది రుజువైన మాట కాదు. సున్నం, మట్టి, గోడ పెచ్చులు తింటుంటే మాత్రం డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించు.

సెల్లు గురించి. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దనీ మన పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. సెల్లు ఆటిజాన్ని తెచ్చిపెట్టదు, కానీ మనిషి ముఖం చూసి నేర్చుకునే గంటలను మింగేస్తుంది. వాటికి బదులు చేతినిండా పని పెట్టు. బుడ్డలు ఒలవడం, రొట్టె పిండి పిసకడం, సగం నింపిన బిందె మోయడం. కండరాలకు బరువు తగిలే పనులు చాలామంది పిల్లలకు ఒంటిని, మనసును కుదురుగా నిలుపుతాయి.

గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేసిన పరిశోధన ఒకటి 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. పెద్ద డిగ్రీలున్న నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలే తల్లిదండ్రులకు నేర్పారు. వాళ్ళు నేర్పింది ఇదే: బిడ్డ దేన్ని చూస్తున్నాడో దాన్నే నువ్వూ చూడు, వాడి ఆటలోకి నువ్వు పో, ఆజ్ఞలు తగ్గించు. అట్ల ఆడిన ఇండ్లలో పిల్లలు తమంతట తాము అమ్మానాన్నలను పలకరించడం పెరిగింది. చక్రం తిప్పుతుంటే లాక్కోకుండా, పక్కన కూర్చుని నువ్వూ ఒక చక్రం తిప్పు. ఈ ఒక్కటి రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టే సంగతి. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే ప్రాణం, గడప దాటి పోయే అలవాటూ ఎక్కువే. ఇల్లు దాటి తప్పిపోయిన ఆటిజం పిల్లల చావుల్లో ఎక్కువ భాగం నీళ్ళలో మునగడం వల్లేనని అమెరికాలో లెక్కలు తీసినవాళ్ళు తేల్చారు. మన మధ్యన కె.సి. కాలువ ఉంది, సుంకేసుల నుంచి కడప దాకా. ఎండాకాలమంతా ఎండి ఉన్న కాలువలో ఆడుకున్న బిడ్డకు, వానాకాలం నీళ్ళు వదిలినాక అది వేరే కాలువని తెలియదు. నాపరాయి తవ్వి వదిలేసిన గుంతల్లో వాననీళ్ళు నిలుస్తాయి. ఇంటి సంపు సంగతి చెప్పక్కర్లేదు. సంపు మూతకు తాళం, వీధి తలుపుకు వాడికి అందని ఎత్తున గడియ, మిద్దె మీద నిండైన పిట్టగోడ, వాడి మెడలోనో చేతికో ఫోను నంబరున్న బిళ్ళ. చుట్టుపక్కల పది ఇండ్లకు, మూలన ఉన్న అంగడికి వాడి ఫోటో చూపించి, "ఒంటరిగా కనిపిస్తే పట్టుకోండి, నీళ్ళ వైపు ముందు వెతకండి" అని చెప్పిపెట్టు. సిగ్గుపడే పని కాదిది. వీలైతే ఈత నేర్పించు.

పెద్ద దర్గాకు పోతావో, దేవుని కడపకు పోతావో, అది నీ మనసుకు ధైర్యం. పో. ఉరుసు, బ్రహ్మోత్సవం రోజులు వదిలి, గుంపు లేని పూట చూసుకుని పో. కానీ స్టెమ్ సెల్ సూదులతో నయం చేస్తామని లక్షలడిగేవాళ్ళ దగ్గరికి పోవద్దు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడంలేదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. పొలమమ్మి ఆ సూదులు వేయించడం ఘోరం.

పోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఏడాదిన్నర వచ్చినా పేరు పిలిస్తే తిరగడంలేదు, వేలితో చూపించడంలేదు అంటే ఆగొద్దు. ఆడబిడ్డ అయితే "బుద్ధిమంతురాలు, నోరెత్తదు" అనుకుని ఇంకా ఆలస్యం చేస్తాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే డాక్టర్లకు చూపించు. సత్వర చికిత్సా కేంద్రం గురించి జిల్లా పెద్దాసుపత్రిలో అడుగు. బడి ఈడు వస్తే మండలంలో ఇట్లాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం గాని, ఆపైన గాని ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు వాడి హక్కు. నేషనల్ ట్రస్టు నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో చేరతాయి.

ఇంత చెప్పినా, ఇవన్నీ నువ్వొక్కదానివే మోస్తే కుదరదు. ఆటిజం పిల్లల్లో నిద్ర సరిగా పట్టనివాళ్ళు ఎక్కువ. వాడితోపాటు నువ్వూ రాత్రంతా మేలుకుని, తెల్లారి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడితే నెల తిరక్కుండా నీ ఒళ్ళు చెడుతుంది. అందుకే ఈ చివరి మాట మీ ఆయనకు, మీ అత్తగారికి. ఈ పేజీ వాళ్ళ చేతికివ్వు. అన్నా, వారంలో సగం రాత్రులు బిడ్డ పక్కన నువ్వు పడుకో. అత్తా, మధ్యాహ్నం రెండు గంటలు మనవడిని నీ దగ్గర పెట్టుకో, కోడలిని నిద్రపోనీ. ఎవరివల్ల వచ్చిందని అడగడం ఈ రోజుతో ఆపండి.