గజ్జల్లో దురద – సిగ్గుపడవద్దు, దాచుకోవద్దు

మన హాస్టల్లో ఎవరికి జ్వరం వచ్చినా వెంటనే వార్డెన్ గారికి చెబుతాము. గజ్జల్లో పొక్కులు లేచి దురద పెడితే మాత్రం ఎవరికీ చెప్పము. గత సంవత్సరం మా గదిలో ఒక మిత్రుడు ఇలాగే నెల రోజులు దాచుకున్నాడు. రాత్రంతా గోక్కుంటూ, పగలు తరగతిలో కునికిపాట్లు పడేవాడు. చివరకు గదిలో అందరికీ అంటుకున్నది. మాలాగా తమ్ముళ్ళు బాధపడకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఈ పొక్కులకు ముఖ్య కారణాలు మూడు.

1. వెంట్రుక కుదుళ్ళ వాపు: బిగుతు లోదుస్తులు, చెమట, రాపిడి, బ్లేడుతో గీసుకోవడం వలన వస్తుంది. కుదురు దగ్గర ఎర్రటి పొక్కు లేచి, ఒక్కోసారి చీము పడుతుంది. గీసిన వెంట్రుక చర్మంలోకే తిరిగి పెరిగినా ఇలాగే అవుతుంది.

2. గజ్జి: కంటికి ఆనని చిన్న పురుగు చర్మాన్ని తొలిచి గుడ్లు పెడుతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు, నడుము, గజ్జల దగ్గర పొక్కులు వస్తాయి. రాత్రిపూట దురద ఎక్కువ. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఈలోగానే అది ఇతరులకు అంటుతుంది.

3. తామర: ఇది శిలీంధ్రం వలన వస్తుంది. గుండ్రటి మచ్చ అంచుల్లో ఎర్రగా, మధ్యలో మానినట్లుగా ఉంటుంది.

ఏమి చేయాలి?

కుదుళ్ళ వాపుకు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో రోజుకు మూడుసార్లు, 10 నిమిషాల చొప్పున కాపడం పెట్టాలి. పొక్కులను గిల్లరాదు. తగ్గేవరకు బ్లేడు వాడరాదు. ఒకరి బ్లేడు మరొకరు ఎన్నడూ వాడరాదు.

గజ్జికి డాక్టర్లు సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీము ఇస్తారు. మెడ నుండి అరికాళ్ళ వరకు రాసుకొని, 8 నుండి 14 గంటల తర్వాత స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. దురద లేకపోయినా గదిలోని వారందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. మేము మొదట ఒక్కరికే రాసి ఈ పొరపాటే చేశాము. అదే రోజు దుప్పట్లు, బట్టలు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేనివి కవరులో వారం రోజులు కట్టి ఉంచాలి. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు దురద ఉండవచ్చు, భయపడనక్కరలేదు.

తామరకు మచ్చ మాయమైనా డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడాలి. దుకాణంలో అడిగి తెచ్చుకునే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. దానితో రెండు రోజులు దురద తగ్గినట్లుంటుంది, తర్వాత తామర మరింత పాకుతుంది.

స్నానం తర్వాత గజ్జలు పొడిగా తుడుచుకొని, ఉతికి ఆరిన నూలు లోదుస్తులు వేసుకోవాలి. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి.

జ్వరం, పెద్ద గడ్డ, పుండు ఉంటే ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

తమ్ముళ్ళారా! దురద రావడం తప్పు కాదు. దాచుకొని పది మందికి అంటించడమే తప్పు.