క్రొత్త చేపకు వేఱు తొట్టె

గాజుతొట్టెలో సముద్రపు చేపలను పెంచువారు క్రొత్త చేపను తెచ్చిన దినముననే పాతవానితో కలుపరాదు. ఏలయన, చూపునకు ఆరోగ్యముగా నున్న చేపయందును వ్యాధి దాగియుండవచ్చును. ఇందుకు తెల్లమచ్చల రోగమే నిదర్శనము. క్రిప్టోకారియన్ అను సూక్ష్మజీవి చేప చర్మమునందును మొప్పలయందును చేరి, ఉప్పురవ్వలవంటి మచ్చలను కలుగజేయును. 3 మొదలు 7 దినములలో అది చేపను విడిచి అడుగునకు దిగును, మచ్చలు మాయమగును. తెలియనివారు రోగము కుదిరెనని సంతోషింతురు. కాని ఆ జీవి అడుగున తిత్తి కట్టుకొని, అందు అనేకముగా విభజింపబడి, కొన్ని దినములకో వారములకో పిల్లలై వెలువడి మరల చేపలను పట్టును. ఇట్లు ఒక్క చేపవలన తొట్టెలోని చేపలన్నియు నశింపవచ్చును.

కావున క్రొత్త చేపను వేఱు తొట్టెలో 4 మొదలు 6 వారములుంచి, ప్రతిదినము పరీక్షింపవలయును. దానికి వాడిన వలను పాత తొట్టెలో ముంచరాదు. మచ్చలు కానవచ్చినచో మైలుతుత్తము వాడుదురు. లీటరు నీటికి రాగి 0.15 మొదలు 0.20 మిల్లీగ్రాము వఱకే యుండునట్లు దినదినము కొలువవలయును. మించినచో చేపకే హాని. రాగి నీట నీదు పిల్లజీవులనే చంపును గాని, చర్మములోను తిత్తిలోను ఉన్నవానిని చంపజాలదు. కనుక మచ్చలు పోయిన పిదపను మందు మానక, కనీసము 3 వారములు సాగింపవలయును. పగడపు జీవులకును రొయ్యలకును రాగి విషము. అవి యున్న తొట్టెలో వేయనేరాదు.

మచ్చలు పోవుట వేఱు, రోగము పోవుట వేఱు. ఈ భేదము నెఱిగి ఓర్చుకొన్నవానికే చేపలు దక్కును.